ఇల్లు వేరు, కంపెనీ వేరు

సొంతంగా పెంచిన వ్యాపారాన్ని అమ్మాలనుకునే యజమానికి అసలు పరీక్ష కొనుగోలుదారు గడప తొక్కకముందే మొదలవుతుంది. లెక్కలు, భూమి పత్రాలు, వారసుల సంతకాలు అప్పటికే తేలి ఉండాలి

2022 నవంబర్‌లో బిస్లెరీని అమ్మే ఆలోచనలో ఉన్నట్టు రమేశ్ చౌహాన్ బయటపెట్టినప్పుడు ఆయన వయసు 82. 1969లో చౌహాన్ల కుటుంబం ఇటాలియన్ యజమానుల నుంచి రూ.4 లక్షలకు కొన్న కంపెనీ అది. దానికి టాటా కన్జ్యూమర్ ప్రొడక్ట్స్ రూ.6,000 కోట్ల నుంచి రూ.7,000 కోట్ల దాకా ఇవ్వవచ్చని అప్పట్లో వార్తలొచ్చాయి. కుమార్తె జయంతికి ఈ వ్యాపారంపై అంతగా ఆసక్తి లేదని చౌహానే చెప్పారు. డబ్బు ఒక్కటే చూడలేదని, టాటాలైతే కంపెనీని బాగా చూసుకుంటారన్న నమ్మకం కుదిరిందని కూడా అన్నారు. అంతా అయిపోయినట్టే కనిపించింది. కానీ 2023 మార్చి 17న బిస్లెరీతో చర్చలు నిలిపివేసినట్టు టాటా కన్జ్యూమర్ స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. ఆ వెంటనే, ఆసక్తి లేదన్న కుమార్తే కంపెనీ పగ్గాలు చేపడతారని చౌహాన్ ప్రకటించారు.

చౌహాన్‌కు అమ్మకం కొత్తేమీ కాదు. 1993లో థమ్స్‌అప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, సిట్రా, మాజా పేర్లను కోకకోలాకు అప్పగించినది ఆయనే. అప్పటి వార్తల ప్రకారం ధర సుమారు 6 కోట్ల డాలర్లు. అంతటి అనుభవజ్ఞుడికే రెండోసారి బేరం చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇక జీవితంలో ఒక్కసారి, అదీ డెబ్బయ్యో పడిలో పడ్డాక అమ్మకానికి దిగే మామూలు యజమాని సంగతి చెప్పేదేముంది?

అలాంటివారు మన చుట్టూ చాలామందే ఉన్నారు. మిర్యాలగూడలో రైస్ మిల్లు, జీడిమెట్లలో మందుల ముడిసరుకు యూనిట్, భీమవరంలో రొయ్య పిల్లల హేచరీ, గుంటూరులో మిర్చి శీతల గిడ్డంగి. ఎనభైల్లో, తొంభైల్లో అప్పు చేసి షెడ్డు వేసి, పగలూ రాత్రీ అక్కడే గడిపి వీటిని నిలబెట్టిన తరం ఇప్పుడు అలసిపోయింది. పిల్లల్ని బాగా చదివించారు. ఆ చదువే వారిని డల్లాస్‌కో, బే ఏరియాకో చేర్చింది. తండ్రి మిల్లును చూసుకోవడానికి అక్కడి ఉద్యోగం వదిలి తిరిగొచ్చే కొడుకులు, కూతుళ్లు తక్కువే. మిగిలిన దారి అమ్మకం. పొలం అమ్మడం, ఇంటి స్థలం అమ్మడం ఈ తరానికి బాగా తెలుసు. నడుస్తున్న వ్యాపారాన్ని అమ్మడం మాత్రం వేరే విద్య.

తేడా చిన్నదేం కాదు. పొలం కొనేవాడు హద్దులు, పత్రాలు చూస్తాడు. వ్యాపారం కొనేవాడు రేపటి లాభాన్ని కొంటాడు. ఆ లాభం నిజమేనా, యజమాని వెళ్లిపోయాక కూడా నిలుస్తుందా అన్నదే అతని ప్రశ్న. జవాబు కాగితాల మీద కనిపించాలి.

లెక్కల్లో లేని లాభం

చాలా కుటుంబ వ్యాపారాలు మొదట తడబడేది ఇక్కడే. కొంత సరుకు బిల్లు లేకుండా పోతుంది. ఇంటి కారు, డ్రైవర్ జీతం, తిరుపతి ప్రయాణం, కోడలి ఫోన్ బిల్లు కంపెనీ ఖర్చులో చేరతాయి. ఎన్నడూ ఆఫీసు మెట్లెక్కని బంధువు పేరు జీతాల పట్టీలో ఉంటుంది. పన్ను తగ్గించుకోవడానికి ఏళ్ల తరబడి అలవాటైన పద్ధతులివి. ఇందులో కొన్ని చట్ట విరుద్ధం, కొన్ని కేవలం అస్తవ్యస్తం. అమ్మకం రోజున రెండూ ఒకే రకంగా దెబ్బ తీస్తాయి.

లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒక కంపెనీ ఏటా రూ.50 లక్షల లాభం చూపకుండా దాచిందనుకుందాం. పాతిక శాతం పన్ను చొప్పున ఏడాదికి రూ.12.5 లక్షలు మిగిలింది. కొనేవాడు వార్షిక లాభానికి ఆరు రెట్లు ధర కట్టేవాడైతే, అదే రూ.50 లక్షలు అమ్మకం ధరలో రూ.3 కోట్లు కోసేస్తుంది. ‘అసలు లాభం ఇంకా ఎక్కువ, మేం పుస్తకాల్లో చూపలేదు’ అని యజమాని చెవిలో చెబితే ధర పెరగదు, అనుమానం పెరుగుతుంది. పన్ను శాఖను మోసగించినవాడు తనను మాత్రం మోసగించడని కొనేవాడెందుకు నమ్ముతాడు? పైగా షేర్లు కొంటే ఆ పాత పన్ను బకాయిల ముప్పు కూడా కంపెనీతోపాటే అతని నెత్తిన పడుతుంది.

అందుకే ఈ పని తెలిసిన ఆడిటర్లు అమ్మకానికి కనీసం మూడేళ్ల ముందు నుంచి లెక్కలు శుభ్రం చేయమంటారు. కొనుగోలుదారు సాధారణంగా మూడేళ్ల ఆడిట్ లెక్కలు, పన్ను రిటర్నులు, జీఎస్టీ దాఖలాలు పక్కపక్కన పెట్టి పోలుస్తాడు. జీఎస్టీలో చూపిన అమ్మకాలు, బ్యాలెన్స్ షీట్‌లోని అమ్మకాలు, బ్యాంకులో పడిన సొమ్ము మూడూ కలవాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఈ తేడాలు దాచడం కష్టమైపోయింది. ఏడాది చివర తీరిగ్గా లెక్కలు సర్దే గుమాస్తాల కాలం ముగిసింది.

ఇంటి ఖర్చులు కంపెనీ నుంచి తీసేస్తే సరిపోదు. ఎదురు దిశలో పెట్టిన సొమ్మూ తేలాలి. యజమాని తన సొంత షెడ్డును అద్దె లేకుండా కంపెనీకి ఇచ్చి ఉంటే, చూపిన లాభంలో ఆ అద్దె దాగి ఉన్నట్టే. భార్యాభర్తలిద్దరూ జీతం తీసుకోకుండా పనిచేస్తే, రేపు వారి స్థానంలో ఇద్దరు మేనేజర్లను పెట్టుకునేవాడు ఆ జీతాలు తీసేసే లాభం లెక్కగడతాడు. తామెంతో కష్టపడి మిగిల్చామనుకున్నది అతని కాగితంలో అమాంతం తగ్గిపోతుంది. యజమానులకు కోపం తెప్పించేది ఇదే. కానీ లెక్క అతనిదే సరైనది.

సంతకాలు ఎవరెవరివి

లెక్కల తర్వాత భూమి. ఫ్యాక్టరీ కంపెనీది, కింద స్థలం తండ్రి పేర, పక్క రెండెకరాలు చనిపోయిన బాబాయి పేర. ఇలాంటి అమరికలు ప్రతి పారిశ్రామికవాడ శివార్లలోనూ ఉంటాయి. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కేటాయించిన ప్లాటైతే ఆ సంస్థ అనుమతి లేకుండా బదిలీ కుదరదు. వ్యవసాయ భూమిలోనే షెడ్డు లేచి ఉంటే ఆ చిక్కు ముందే విప్పుకోవాలి. బేరం కుదిరాక ఈ పనికి దిగితే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఆలోపు కొనేవాడి మనసు మారవచ్చు, లేదా ధర తగ్గించడానికి అతనికో సాకు దొరుకుతుంది.

అన్నిటికన్నా చిక్కుముడి కుటుంబం. షేర్లు ఎవరి పేర ఉన్నాయో చాలా ఇళ్లలో ఎవరూ సరిగా చెప్పలేరు. కంపెనీ పెట్టినప్పుడు ఇద్దరు వాటాదారులు కావాలి కాబట్టి బావమరిది పేరు రాసి ఉంటారు. ముప్పయ్యేళ్ల తర్వాత అతని పిల్లలు సంతకానికి వెల చెబుతారు. ఉమ్మడి ఆస్తితో మొదలైన వ్యాపారమైతే ఆడపిల్లల హక్కు కూడా లెక్కలోకి వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికన్నా ముందుంది. 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా 1986లో చేసిన సవరణ చట్టం, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతోనే కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం దాన్ని దేశమంతటికీ, పెళ్లయినవారికీ విస్తరించింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం ఇచ్చి పంపేశాం కదా అన్న మాట కొనుగోలుదారు లాయర్ దగ్గర చెల్లదు. ఆడబిడ్డలు విమానం దిగి రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాల్సిందే, లేదా సరైన పవర్ ఆఫ్ అటార్నీ పంపాల్సిందే. వారికి విషయం ముందే చెప్పి, వాటా తేల్చి, ఆ తర్వాతే బజారులోకి వెళ్లిన కుటుంబాలకు గొడవలు తక్కువ.

యజమాని సెలవు పెడితే

కొనేవారు అడిగే ప్రశ్నల్లో చాలా మామూలుగా వినిపించేది, యజమానిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది: మీరు మూడు నెలలు రాకపోతే ఏమవుతుంది? పెద్ద ఖాతాదారులందరూ ఆయన సెల్‌ఫోన్‌కే చేస్తారు. బ్యాంకు మేనేజర్‌కు ఆయన ముఖమే హామీ. ఏ యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో పాతికేళ్ల నాటి ఫోర్‌మన్‌కు తప్ప మరొకరికి తెలియదు. అలాంటి కంపెనీని కొనడమంటే ఒక మనిషిని కొనడమే. ఆ మనిషేమో వెళ్లిపోతానంటున్నాడు.

దీనికి విరుగుడు తొందరగా దొరికేది కాదు. ఒక మేనేజర్‌ను పెట్టి, చెక్కు మీద సంతకం చేసే అధికారంతో సహా పని అప్పగించి, అతను తప్పు చేసినా కొన్నాళ్లు నోరు మెదపకుండా కూర్చోవాలి. నోటిమాట మీద నడిచే సరఫరాలకు రాతపూర్వక ఒప్పందాలు చేసుకోవాలి. ట్రేడ్‌మార్కు కంపెనీ పేరనే నమోదై ఉందో లేదో చూసుకోవాలి. ఆ పేరు పెద్దాయన సొంత పేరున ఉండిపోయిన సందర్భాలూ ఉంటాయి. 

తెలుగు నేల మీద జరిగిన కొన్ని పెద్ద అమ్మకాలు ఒకరకంగా రెండు అంచెల్లో సాగాయి. తిరుమల మిల్క్ ప్రొడక్ట్స్‌ను 2014లో ఫ్రాన్స్ పాల దిగ్గజం లాక్టాలిస్ కొనుక్కుంది. అంతకు నాలుగేళ్ల ముందే, 2010లో, అమెరికా పెట్టుబడి సంస్థ కార్లైల్ అందులో వాటా తీసుకుంది. పీవీఎన్ రాజు 1978లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్లాండ్ ఫార్మాలో కేకేఆర్ సుమారు 20 కోట్ల డాలర్లు పెట్టేందుకు 2013లో ఒప్పందం కుదిరింది. చైనాకు చెందిన ఫోసున్ ఆ కంపెనీని చేజిక్కించుకున్నది 2017లో. బయటి పెట్టుబడిదారు వచ్చాడంటే నెలనెలా నివేదికలు, బోర్డులో కుటుంబేతరులు, పేరున్న ఆడిటర్లు తప్పవు. తన డబ్బు వెనక్కి తీసుకోవడానికి అతను ఎప్పటికైనా కంపెనీని అమ్మకానికి సిద్ధం చేయాల్సిందే. కుటుంబం తనంత తాను చేయలేని సర్దుబాటును అతని ఒత్తిడి చేయిస్తుంది. ఆ సుఖం ఉచితంగా రాదు, వాటా పోతుంది. అయినా చిన్న యూనిట్లకు ఇలాంటి పెట్టుబడిదారులు రారు కాబట్టి ఆ క్రమశిక్షణ యజమానే తెచ్చుకోవాలి.

గ్లాండ్ కథలో ఇంకో పాఠం ఉంది. 2016 జులైలో ప్రకటించినప్పుడు ఫోసున్ కొనాలనుకున్నది సుమారు 86 శాతం వాటా, 126 కోట్ల డాలర్ల దాకా. నడుస్తున్న మందుల కంపెనీలో విదేశీ వాటా 74 శాతం దాటితే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఏడాదికి పైగా ఎదురుచూసి, చివరికి 2017 సెప్టెంబర్‌లో వాటాను 74 శాతానికి, ధరను సుమారు 109 కోట్ల డాలర్లకు తగ్గించుకుని పని ముగించారు. అన్నేసి నెలలు కంపెనీ ‘అమ్ముడుపోతోంది’ అన్న మాట మధ్య నడవాలి. పునాది గట్టిగా లేని సంస్థలో అప్పటికే మంచి ఉద్యోగులు పక్క కంపెనీలో చేరిపోయి ఉంటారు.

దాచితే ఏమవుతుంది

ప్రతి కంపెనీకీ ఒక ముళ్లకంప ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు, పాత కార్మిక వివాదం, నాణ్యత లేక తిరిగొచ్చిన సరుకు. వీటిని కప్పిపెట్టి అమ్మేస్తే తర్వాత కొన్నవాడి తలనొప్పి అనుకునేవారికి రాన్‌బాక్సీ కథ చాలు. అది స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ. అయినా అమ్మింది వ్యవస్థాపక కుటుంబమే. 2008 జూన్‌లో సింగ్ సోదరులు, వారి కుటుంబం తమ 34.8 శాతం వాటాను షేరుకు రూ.737 చొప్పున జపాన్‌కు చెందిన దైచీ శాంక్యోకు అమ్మేందుకు ఒప్పుకున్నారు. వారికి దక్కింది సుమారు రూ.9,576 కోట్లు. మూడు నెలలకే దేవాస్, పావంటా సాహిబ్ ప్లాంట్ల నుంచి 30కి పైగా మందుల దిగుమతిని అమెరికా ఆపేసింది. 2013లో రాన్‌బాక్సీ అమెరికా కోర్టులో నేరాలు ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించింది.

మందుల పరీక్షల వివరాల్లో అవకతవకల గురించి కంపెనీ లోపలే 2004లో ఒక నివేదిక తయారైంది. దాన్ని, అమెరికా దర్యాప్తు తీవ్రతను తమకు చెప్పకుండా దాచారన్నది దైచీ ఫిర్యాదు. సోదరులు కాదన్నారు. 2016లో సింగపూర్ ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ దైచీ వాదనతో ఏకీభవించి రూ.2,562 కోట్ల పరిహారం విధించింది. వడ్డీ, ఖర్చులతో అది సుమారు రూ.3,500 కోట్లకు చేరింది. 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థిస్తూ, వాటాదారుల్లో ఉన్న మైనర్ పిల్లలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కుటుంబం చేసిన సంతకాల్లో ఆ పిల్లల తరఫున చేసినవీ ఉన్నాయన్నమాట.

తెలివైన అమ్మకందారు ఆ ముళ్లకంపను తానే ముందు బయటపెడతాడు. చెప్పిన లోపానికి ధరలో కొంత తగ్గుతుంది, అంతే. చెప్పని లోపం అమ్మేశాక పుచ్చుకున్న సొమ్మును వెంటాడుతుంది. ఈ రోజుల్లో ఒప్పందంలో సగం పేజీలు వీటికే. కంపెనీ గురించి అమ్మేవాడు ఇచ్చే హామీలు, అవి అబద్ధమైతే కట్టాల్సిన పరిహారం, దానికోసం ఏడాదో రెండేళ్లో మూడో వ్యక్తి దగ్గర ఎస్క్రో ఖాతాలో పెట్టే సొమ్ము. 

అన్నీ సరిగా ఉన్నాయనుకున్నా చిక్కులు రావచ్చు. కేఐ వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 2009లో సుమారు 55 కోట్ల యూరోల విలువతో సనోఫీ చేతికి వెళ్లింది. మరుసటేడాదే శాన్5 టీకా సీసాల్లో తెల్లని మడ్డి కనిపించడంతో ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన గుర్తింపును ఉపసంహరించింది. ఇక ఆ అమ్మకంలో చేతులు మారింది ఫ్రాన్స్‌లోని ఒక కంపెనీ షేర్లు. అసలు ఆస్తి ఇక్కడిది కాబట్టి పన్ను తమకు రావాలని మన ఆదాయపన్ను శాఖ పట్టుబట్టింది. 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొనుగోలుదారు పక్షాన తీర్పిచ్చేదాకా నాలుగేళ్లు పట్టింది.

కాగితం మీద ధర, చేతికొచ్చే ధర

పత్రికల్లో వచ్చే అంకె యజమాని ఖాతాలో పడదు. ముందు బ్యాంకు అప్పులు తీరాలి. సొంత ఇల్లు తాకట్టులో ఉంటే, వ్యక్తిగత హామీలు ఇచ్చి ఉంటే, వాటిని రద్దు చేయించుకోకుండా కంపెనీ అప్పగించడం ప్రమాదం. కంపెనీ పోయినా హామీ మెడకు వేలాడుతూ ఉంటుంది. తర్వాత పన్ను. షేర్లు అమ్మడమా, వ్యాపారాన్ని గంపగుత్తగా అమ్మడమా అన్న దాన్నిబట్టి లెక్క మారుతుంది. 2024 జులై 23 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం, రెండేళ్లకు మించి చేతిలో ఉన్న నమోదుకాని కంపెనీ షేర్లపై దీర్ఘకాలిక లాభానికి పన్ను 12.5 శాతం, సర్‌చార్జి, సెస్సు అదనం. గంపగుత్త అమ్మకంలో ఆ రేటు దక్కాలంటే వ్యాపారం మూడేళ్లు దాటి ఉండాలి. పాత బకాయిల భయంతో కొనేవాడు తరచూ ఆస్తులే కావాలంటాడు, అమ్మేవాడు షేర్లే తీసుకోమంటాడు. సగం బేరాలు నలిగేది ఇక్కడే.

కార్మికుల సంగతి చివర్లో గుర్తుకొస్తుంది. ముందే రావాల్సింది. ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ పేరుకుపోయి ఉంటుంది. దానికి ఏ నిధీ పెట్టని యూనిట్లో అది అచ్చంగా అప్పే. కొనేవాడు దాన్ని ధరలోంచి తీసేస్తాడు. ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న బాయిలర్ ఆపరేటర్‌కు మాత్రం ఈ విషయం గేటు బయట టీ కొట్టు దగ్గర, నలుగురి నోటా వంకర్లు తిరిగి తెలుస్తుంది. యజమాని ముందు చెప్పాడా, పాత సర్వీసు కొత్త యాజమాన్యంలోనూ కొనసాగుతుందని ఒప్పందంలో రాయించాడా అన్నది ధరలో కనిపించదు. ఆ ఊళ్లో ఆయన తర్వాత ఎలా తిరగగలడన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అమ్మిన మర్నాడు

మరి ఆ తర్వాత యజమాని ఏం చేస్తాడు? మళ్లీ అదే వ్యాపారం పక్క వీధిలో పెడితే కొన్నవాడు మునుగుతాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వృత్తి వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది. ఆ చట్టమే ఒక మినహాయింపు ఇస్తోంది: వ్యాపారం పేరుప్రతిష్ఠలను అమ్మినవాడు, కొన్నవాడు అక్కడ దాన్ని నడుపుతున్నంత కాలం, న్యాయమైన పరిధిలో అలాంటి పోటీ వ్యాపారం చేయనని ఒప్పుకోవచ్చు. ఆ పరిధి ఎన్నేళ్లు, ఎంత దూరం, ఏ సరుకు అన్నది అమ్మేముందే తేల్చుకోవాలి. అరవయ్యేళ్ల మనిషి ఐదేళ్లు ఖాళీగా కూర్చోగలడా అన్నది ఇంట్లో కూడా చర్చించాల్సిన విషయమే. కేరళలో ఈస్టర్న్ మసాలాలను 2020లో నార్వే కంపెనీ ఆర్క్లాకు అమ్మినప్పుడు మీరన్ కుటుంబం పూర్తిగా తప్పుకోలేదు. విలీనం తర్వాత ఏర్పడిన సంస్థలో దాదాపు 10 శాతం వాటా ఉంచుకుంది. ఆ సంస్థే 2025 నవంబర్‌లో ఆర్క్లా ఇండియాగా స్టాక్ మార్కెట్లోకి వచ్చింది.

ఆర్క్లా మన దేశంలో మొదట కొన్నది బెంగళూరు వారి ఎంటీఆర్ ఫుడ్స్‌ను, 2007లో, సుమారు 10 కోట్ల డాలర్లకు. మయ్యాల కుటుంబం 1924లో మొదలుపెట్టిన హోటల్ దాని మూలం. ఎమర్జెన్సీ కాలంలో ప్రభుత్వం హోటల్ ధరలు తగ్గించమనడంతో గిట్టుబాటు కాక హోటల్ మూతపడింది. పనివాళ్లను నిలుపుకోవడానికి మసాలాలు, ఇన్‌స్టంట్ పిండ్లు పొట్లాలు కట్టి అమ్మారు. ఆ పొట్లాల వ్యాపారం హోటల్‌ను మించి పెరిగింది. కాలక్రమంలో కుటుంబం రెండింటినీ వేరు చేసుకుంది, హోటల్ ఒక శాఖకు, ఫుడ్స్ మరో శాఖకు. ఆర్క్లా వచ్చేసరికి ఏది అమ్మేదో, ఏది కాదో తేలిపోయి ఉంది. ఎంటీఆర్ ఫుడ్స్ అమ్మిన సదానంద మయ్యా తర్వాత కొంతకాలానికి ‘మయ్యాస్’ పేరుతో మళ్లీ ఆహార వ్యాపారంలోకి వచ్చారు. లాల్‌బాగ్ రోడ్డులోని పాత హోటల్ ఆ అమ్మకంలో లేదు. రవ్వ ఇడ్లీ కోసం అక్కడ ఆదివారం పొద్దున్నే జనం ఇప్పటికీ మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తారు.